ఎర్ర టికెట్టు మీద ఎవరి పేరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పని ఏమిటని ఎవరైనా అడిగితే, మాటలు తగ్గించే పని అని చెప్పేదాన్ని. పక్కన ఉంటే మా ఆయన వెంటనే అందుకునేవాడు: "ఆఫీసులో తగ్గించినవన్నీ ఇంటికి తెచ్చి వాడుతుంది." అందులో అబద్ధమేమీ లేదు. కానీ పని మాత్రం నిజంగా అదే. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఒకదానిలో, సాఫ్ట్‌వేర్ మరమ్మతులు చేసే బృందంలో, కోడు రాయడం రాని మనిషిని నేనొక్కదాన్నే. ఇంగ్లీషులో ఎమ్మే చదివి, కూకట్‌పల్లి వైపు ఒక కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఆ జీతంతో ఇల్లు గడవక ఇటు వచ్చాను. మావాళ్ళు విదేశీ క్లయింట్లకు పంపే మెయిళ్ళూ, ఏదైనా చెడిపోయినప్పుడు సంజాయిషీగా రాసే నివేదికలూ నా చేతిమీదుగా వెళ్ళేవి. ఇప్పుడు ఆ పని యంత్రమే చేస్తోందట, నాకంటే మర్యాదగా. అందుకే నేను ఇంట్లో ఉన్నాను.

ఆ ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరుతున్నవాళ్ళు ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి, మేడమ్, అర్జెంటుకీ క్రిటికల్‌కీ తేడా ఏమిటని అడుగుతుంటారు. యంత్రాన్ని అడగండి అంటాను. అది చెప్పింది గానీ అర్థం కాలేదంటారు. మీకోసమే ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ళకు మొదటి వారంలో ఒక పూట నా పాఠం ఉండేది. ఇబ్బందిని చెప్పే ఇంగ్లీషు మాటలు, వాటి బరువులు. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు నీళ్ళ కష్టమే నాకు ఉదాహరణ. పొద్దున లేచేసరికి ట్యాంకు ఖాళీ, స్కూలు బస్సు వచ్చేలోపల నీళ్ళు కావాలి. అది అర్జెంటు. గడియారం చూసుకునే మాట, అంతే. బస్సు వెళ్ళిపోతే అర్జెంటూ వెళ్ళిపోతుంది. బోరే ఎండిపోయి, ఎండాకాలం ఎలా దాటుతామో తెలియక అసోసియేషన్ మీటింగులో ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. అది క్రైసిస్. దానికి రోజులు పడతాయి, అది గడిచాక ఎదురింటివాళ్ళు మనతో మునుపటిలా మాట్లాడరు. ట్యాంకరు పిలిస్తే పై ఫ్లోర్ వాళ్ళకు కోపం, పిలవకపోతే కింద ఫ్లోర్ వాళ్ళకు కోపం, సెక్రటరీ మధ్యలో ఇరుక్కున్నాడు. పాపం అతనిది ప్రెడికమెంట్. ఇంతలో మోటారు దగ్గర వాచ్‌మన్‌కు షాక్ కొట్టింది. అదీ ఎమర్జెన్సీ. చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి లేవాలి. అతన్ని చూసి డాక్టరు క్రిటికల్ అన్నాడంటే, ఇటా అటా అన్నది ఇంకా తేలలేదని.

పిల్లలు నవ్వేవాళ్ళు, తలలూపేవాళ్ళు. తమ సీట్లకు వెళ్ళిన మర్నాటికి అంతా మర్చిపోయేవాళ్ళు. వాళ్ళ తప్పు కాదు. మా ఫ్లోర్‌కు దాని సొంత వ్యాకరణం ఉండేది. మాలో మేము మాట్లాడుకునేటప్పుడు మాటలు ఉబ్బేవి, క్లయింటు ముందుకు వెళ్ళేసరికి చిక్కిపోయేవి. క్యాంటీన్‌లో మైక్రోవేవ్ చెడిపోతే అందరికీ మెయిల్, సబ్జెక్టులో 'క్రిటికల్'. పుట్టినరోజు కేకు కోయడానికి రమ్మంటే 'మోస్ట్ అర్జెంట్'. అదే క్లయింటు వెబ్‌సైటు మొత్తం మూతపడితే మేము రాసేది, 'ఒక చిన్న ఇష్యూ మా దృష్టికి వచ్చింది.' ఏళ్ళ తరబడి అలా రాసీ రాసీ, క్లయింటుతో మాట్లాడేవాళ్ళ నోట్లో పెద్ద మాటలకు చోటు లేకుండా పోయింది.

ఇక టికెట్టు సంగతి చెప్పాలి. సమస్య ఏది వచ్చినా కంప్యూటర్‌లో దానికి ఒక టికెట్టు పుడుతుంది, తీవ్రతను బట్టి రంగు. ఎర్రది, అంటే 'క్రిటికల్', అన్నిటికంటే పైది. ఎర్ర టికెట్టు పుట్టిందంటే క్లయింటు తరఫు వాళ్ళూ మావాళ్ళూ ఒకే కాల్‌లోకి వచ్చి, అది తెగేదాకా కూర్చోవాలి. టికెట్టు ఒక మనిషి పేరు మీద ఉంటుంది. ఆ మనిషి లేవాలంటే ఇంకొకరు తమ కంప్యూటర్‌లో 'యాక్సెప్ట్' నొక్కి, దాన్ని తమ పేరు మీదికి తెచ్చుకోవాలి. గడువు దాటే సమయానికి ఎవరి పేరుంటే, ఏడాది చివర మార్కుల్లో అది వాళ్ళ మెడకు చుట్టుకుంటుంది. అందుకని మా దగ్గర ఒక ఆచారం ఏర్పడింది. ఎర్ర టికెట్టు ఉన్నవాడు తలెత్తితే మిగతావాళ్ళు తల దించుకుంటారు. సహాయం చెయ్యరని కాదు. వెనక నిలబడి కోడు చూస్తారు, సలహా చెబుతారు, టీ తెచ్చి పెడతారు. పేరు మాత్రం ఇవ్వరు.

నేను చెప్పబోయే రోజున ఆ టికెట్టు నా పక్క సీటతని పేరు మీద ఉంది. బోరబండలో పుట్టి పెరిగినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. నిమ్మళమైన మనిషి. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లే పెంచింది. ఒకసారి ఇంటివాళ్ళను ఆఫీసు చూడ్డానికి రమ్మన్నప్పుడు ఆమె వచ్చింది. ఏసీ కింద నిలబడి, "గింత చల్లగ పెడ్తే పని జేస్తరా, పండుకుంటరా?" అని మా మేనేజర్నే అడిగింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేం జేస్తవ్ బిడ్డా?" అంది.

"మాటలు సరిచేస్తానమ్మా."

"అయితే మావోనికి జర నాలుగు మాటలు నేర్పు. ఇంట్ల మూగోని లెక్క కూసుంటడు. అడిగిందానికి ఊ అంటడు, అంతే. ఇద్దరి మాటలు నేనే మాట్లాడాలె."

నోటి విషయంలో నాకు సరిజోడు దొరికిందని మా ఫ్లోర్ అంతా చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ రోజు పొద్దుటి నుంచే కాల్ నడుస్తోంది. క్లయింటు ఆస్ట్రేలియాలో బట్టల దుకాణాలవాళ్ళు. వాళ్ళకు పెద్ద సేల్. బిల్లు దగ్గర డిస్కౌంటు కూపన్ కొడితే పట్టడం లేదు. దానికి మావాళ్ళు పెట్టుకున్న పేరు క్రైసిస్. నేను కూడా కాల్‌లో ఉన్నాను, వినడానికి మాత్రమే, తర్వాత నివేదిక రాయాలి కాబట్టి.

అతని సెల్‌ఫోన్ మోగింది. ఒక చెవిలో హెడ్‌సెట్ అలాగే ఉంచుకుని, రెండో చెవి దగ్గర ఫోన్ పెట్టుకున్నాడు. చెల్లెలు. ఆమె గొంతు నా సీటుదాకా వినిపిస్తోంది.

"అన్నా, అమ్మ పడిపోయింది. ఒక చెయ్యి లేస్తలేదు. దవాఖానకు తీస్కొచ్చినం, మన బస్తీ పక్కదానికే."

"డాక్టరేమన్నడు?"

"తలకాయల రక్తం గడ్డకట్టిందంట. క్రిటికల్ అంటున్నరు. మాట్లాడుతున్నది గని, నిన్నే అడుగుతున్నది. ఊపిరి కష్టమైతే గొంతుల పైపేస్తరంట, ఏస్తే ఇగ మాట రాదంట. జల్ది రా అన్నా."

"వస్తున్న."

ఫోన్ పెట్టేసి, మేనేజరుకు కంప్యూటర్‌లో ఒక సందేశం కొట్టాడు. పక్కనే ఉన్నాను, కనిపించింది. చిన్న పర్సనల్ ఇష్యూ వచ్చింది, వీలైతే కాసేపు బయటికి వెళ్ళాల్సి ఉంటుంది, అని ఇంగ్లీషులో.

"ఏం రాశావయ్యా అది?" అన్నాను.

"సార్‌కు చెప్పిన మేడమ్."

"మీ అమ్మకు పక్షవాతం వస్తే చిన్న ఇష్యూనా? వీలైతే ఏమిటి, వీలైతే?"

"కాల్‌ల పెద్దోళ్ళున్నరు మేడమ్. గిప్పుడు గిదంతా చెప్తే పరేషానైతరు. ఎవరన్న టికెట్ తీస్కుంటే పోత."

మేనేజరు దగ్గరి నుంచి జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది. చిన్న ఇష్యూకు అంతకంటే ఏం వస్తుంది?

టికెట్టు వదిలేసి లేచిపోవచ్చు కదా అని మీరు అనుకుంటున్నారు. నేనూ అన్నాను. ఆ ఏడాది అతని పేరు గమనింపులో ఉంది. అంటే ఇంకొక్క చెడ్డ మార్కు పడితే ఇంటికే. అంతకుముందు కాల్ మధ్యలో లేచి వెళ్ళినవాడొకడు ఇప్పుడు గోపన్‌పల్లిలో అపార్ట్‌మెంట్లు అమ్మిపెడుతున్నాడు. ఆ సంగతి ఫ్లోర్ మీద ఎవరూ ఎత్తరు, ఎవరూ మరచిపోరు.

మేనేజరు గదికి వెళ్ళాను. అనంతపురం వైపు మనిషి, నాకంటే చిన్నవాడు. ఎదుట తెరమీద అమెరికాలో ఉండే మా కంపెనీ పెద్దమనిషి ముఖం, మైకు ఆపి నా వైపు తిరిగాడు.

"అతన్ని పంపించండి," అన్నాను.

"నేనేమన్నా వద్దంటాండానా మేడమ్? ఎవురన్నా టికెట్టు తీసుకోనీ, ఈ నిమిషమే పంపిస్తా."

"ఎవరూ తీసుకోరని మీకు తెలుసు. వాళ్ళమ్మకు క్రిటికల్‌గా ఉంది."

అతని ముఖం మారింది. అది నేను ఒప్పుకోవాలి. "మరి ఇష్యూ అన్న్యాడే? ఎమర్జెన్సీ అనలేదే?"

"అనడం రాదతనికి. నేను అంటున్నాను కదా."

"రొంతసేపు ఓపిక పట్టమనండి మేడమ్. పైవాళ్ళు లైన్లో ఉండారు. నా పేరు మీదికి తీసుకుందామంటే సిస్టమ్ పట్టదు, మేనేజర్ల పేరు తీసుకోదది."

"ఎంత తెలివైన సిస్టమ్," అన్నాను. అతను మళ్ళీ తెరవైపు తిరిగాడు.

అక్కడి నుంచి గుంటూరు అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఆ కూపన్ల పని తెలిసిన మనిషి అతని తర్వాత ఆమే. నేను నోరు తెరవకముందే తల అడ్డంగా ఊపింది.

"నన్ను అడక్కండక్కా. పోయినేడు పక్కతని పెళ్ళని ఇలాగే తీసుకున్నానండి. అతను పెళ్ళి చేసుకొచ్చాడు, నాకు మార్కులు పోయాయి. ఒక్కరైనా మాట్లాడారా నా తరఫున?"

"ఇది పెళ్ళి కాదమ్మా. వాళ్ళమ్మ పోయేలా ఉంది."

"పోయేలా ఉందని అతను అనలేదు కదండీ. ఇష్యూ అన్నాడు." కళ్ళనిండా నీళ్ళు. చెయ్యి మౌస్ మీదే ఉంది. తెరమీద యాక్సెప్ట్ గుర్తు కూడా ఉంది. నొక్కలేదు. ఆమెను తిడదామని వచ్చిన తిట్టు నా నోట్లోనే ఉండిపోయింది. పోయినేడు ఆమె తరఫున మాట్లాడనివాళ్ళలో సగం ఫ్లోర్ ఆ చుట్టుపక్కలే కూర్చుని ఉంది. అందరూ తల వంచి తమ తెరల్లోకి చూస్తున్నారు. ఒకడు మాత్రం నా దగ్గరికి వచ్చి మెల్లగా, "అన్నకు టీ గిట్ల తేవాల్నా మేడమ్?" అన్నాడు.

నేను సీటుకు వచ్చేసరికి అతని ఫోన్ మళ్ళీ వెలుగుతోంది. ఎత్తాడు.

"అన్నా ఏడున్నవ్? అమ్మ మాట ముద్దముద్దగ అయితున్నది. ఉండు, ఆమె దగ్గర పెడ్తున్న, మాట్లాడు. అమ్మా, అన్న, అన్న లైన్ల ఉన్నడు."

సరిగ్గా అప్పుడు హెడ్‌సెట్‌లో క్లయింటు మేనేజరు అతని పేరు పిలిచింది. కొత్త మార్పు పెట్టారా, మళ్ళీ ప్రయత్నించమంటారా, అని. ఏళ్ళ అలవాటు. అతని చెయ్యి ఫోన్‌ను కిందికి దించేసింది, రెండో చెయ్యి మైకు తెరిచింది. "యెస్, వుయ్ ఆర్ లుకింగ్ ఇన్‌టు ఇట్," అన్నాడు, చాలా మర్యాదగా. టేబుల్ మీద పెట్టిన ఫోన్‌లోంచి ఒక ముసలి గొంతు ఏదో అంటోంది. ఏమంటోందో నాకు అర్థం కాలేదు. అతను వినలేదు. చెప్పడం ముగించి మళ్ళీ ఫోన్ ఎత్తేసరికి లైను పోయింది.

నేను అతని తలమీది హెడ్‌సెట్ లాగేసి, మైకు నా నోటి దగ్గర పెట్టుకున్నాను. ఇతని తల్లి ఆసుపత్రిలో ఉంది, ఇది ఎమర్జెన్సీ, ఇతను వెళ్ళిపోతున్నాడు, అన్నాను. జీవితంలో నేను అతి తక్కువ మాటల్లో చెప్పిన ఇంగ్లీషు అదే.

 వెంటనే క్లయింటు మేనేజరు, ఆ ఆస్ట్రేలియా ఆవిడ గొంతు వినిపించింది.

"అయ్యో, మరి ఆయన ఇంకా ఇక్కడెందుకున్నాడు? మాకెవరూ చెప్పలేదే. కూపన్లేగా, కావాలంటే సేల్ రేపటిదాకా పొడిగిస్తాం. వెళ్ళమనండి, దయచేసి వెళ్ళమనండి."

మా మేనేజరు మైకు తెరిచి, జరిగిన అసౌకర్యానికి క్షమించమని అడిగాడు. ఎవరికి జరిగిన అసౌకర్యమో చెప్పలేదు.

అతను లేచి నిలబడి, వెళ్ళనా అన్నట్టు ఇంకా నా వైపే చూస్తున్నాడు. "పోవయ్యా," అని అరిచాను. పరుగెత్తాడు. టికెట్టు అతని పేరు మీదే ఉండిపోయింది.

బోరబండ మాకు లోకల్ రైల్లో ఒక్క స్టేషను. పక్క స్టేషను. ఆ వేళకు రైలు లేదు. ఆటో దొరికింది, రోడ్డు దొరకలేదు. మధ్యలో దిగి పరుగెత్తాడని తర్వాత తెలిసింది. అతను వెళ్ళేసరికి ఆమెకు పైపు వేసేశారు. ఆ తర్వాత ఆమె కొన్నాళ్ళు బతికింది, కళ్ళు తెరిచేది, అతని చెయ్యి పట్టుకునేదట. మాట మాత్రం లేదు. పైపు తీసే అవసరం రాకుండానే పోయింది. అందరం వాళ్ళింటికి వెళ్ళాం. గుంటూరు అమ్మాయి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది, లోపలికి రాలేదు. చెల్లెలు నాతో అంది, "చివరికి ఏం మాట్లాడిందో మాకు గూడ తెల్వదు మేడమ్. ఫోన్ల అన్నకు చెప్పుకున్నది. మేం అన్నకు ఇనబడ్డదనుకున్నం."

కర్మకాండలు నడుస్తుండగానే నివేదిక రాయాల్సి వచ్చింది. కూపన్లు మర్నాడు బాగయ్యాయి గానీ గడువు దాటింది కదా, ఎర్ర టికెట్టు అంత ఆలస్యం ఎందుకైందో క్లయింటుకు రాతపూర్వకంగా చెప్పాలి. నిబంధన. మేనేజరు తనే మొదటి ప్రతి రాసి నాకు చూపించాడు. బాధ్యుడైన ఉద్యోగికి వచ్చిన వ్యక్తిగత ఇష్యూ వల్ల, అని ఉంది.

"ఇష్యూ అంటే కూపన్ పట్టకపోవడం," అన్నాను. "మనిషి పోవడానికి ఆ మాట వాడరు. ఎమర్జెన్సీ అని రాస్తాను."

"రాయండి మేడమ్. రాస్తే వాళ్ళేమంటారు? ఎమర్జెన్సీ అని తెలిసీ ఆయప్పను అంతసేపు ఎందుకు కూర్చోబెట్టినారు అంటారు. ఏం చెప్దాం?"

"అదే చెబుదాం. ఎందుకు కూర్చోబెట్టామో."

"పైన ఒప్పుకోరు." తల పట్టుకున్నాడు. "పోనీ ఎగ్జిజెన్సీ అని పెడదామా? రొంత గౌరవంగా ఉంటాది."

"అది బదిలీ ఉత్తర్వుల్లో సర్కారువాళ్ళు వాడే మాట. ఆమెను ఎవరూ బదిలీ చెయ్యలేదు."

రెండు రోజులు వాదించుకున్నాం. పెద్ద గొంతుతోనే. క్రైసిస్ అనరాదు, అది వాళ్ళ కూపన్లకు వాడేశాం. క్రిటికల్ అన్నది టికెట్టుకు వాడేశాం. ఒక చావుకు సరిపోయే మాటలన్నీ అంతకుముందే ఖర్చుపెట్టి కూర్చున్నాం, మేడమ్, అని మేనేజరే అన్నాడు. ఆ ఒక్క మాటకు అతని మీద నాకు కొంచెం గౌరవం కలిగింది. చివరికి అలిసిపోయి, మీ ఇష్టం, నా పేరు మాత్రం వెయ్యకండి అన్నాడు. నేను ఎమర్జెన్సీ అని రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. పంపే ముందు నా పక్క సీటతనికి చూపించడం ధర్మమనిపించి ఆగాను.

తిరిగి వచ్చిన రోజు గుండు మీద టోపీ పెట్టుకుని వచ్చాడు. అందరూ లేచి భుజం తట్టారు. నేను నా తెర అతని వైపు తిప్పాను. చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"మంచిగ రాసిన్రు మేడమ్."

"పంపనా మరి?"

"ఆ మాట తీసెయ్యిన్రి. సార్ రాసిందే ఉండనియ్యిన్రి. ఇష్యూ."

నాకు ఒళ్ళు మండింది. "ఎవరికి భయపడి? మన మేనేజరు కూడా ఒప్పుకున్నాడు. ఇప్పటికైనా గట్టిగా చెప్పవయ్యా ఒక్కసారి. మీ అమ్మగారి కోసమైనా."

"భయం గాదు మేడమ్." టోపీ సర్దుకున్నాడు. నెమ్మదిగా, ఒక్కొక్క మాట ఏరుకుంటూ మాట్లాడాడు. అంతసేపు అతను మాట్లాడటం నేను అదే వినడం. "గంత పెద్ద మాట రాస్తే ఆళ్ళు ఊకోరు. మంచోళ్ళు. అయ్యో పాపం, సారీ అని మెయిల్ పెడ్తరు. పదిమందికి కాపీ పెడ్తరు. దానికి నేను జవాబియ్యాలె. థాంక్యూ ఫర్ యువర్ కైండ్ వర్డ్స్ అని గొట్టాలె, అమ్మ గురించి. గది నాతోని గాదు మేడమ్."

తెరను మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను. 

ఎమర్జెన్సీ కొట్టేసి, ఇష్యూ అని రాసి, పంపేశాను. సాయంత్రానికి అంగీకరించినట్టు జవాబు వచ్చింది. అన్నేళ్ళ ఉద్యోగంలో, ఇక్కడ ఈ మాట మార్చండి అని ఎవరూ తిప్పి పంపని నివేదిక నాది అదొక్కటే.